రోడ్డున పడటం వేరు, రోడ్డు మీదే మిగిలిపోవడం వేరు

సికింద్రాబాద్ స్టేషన్‌లోనో విజయవాడ ప్లాట్‌ఫాం చివరనో సంచి తల కింద పెట్టుకుని పడుకున్న పదిహేడేళ్ల కుర్రాణ్ని చూస్తే ఎవరికైనా మొదట తోచేది "ఇల్లు వదిలి ఎందుకొచ్చాడు?" అని. జవాబులూ సిద్ధంగా ఉంటాయి. తండ్రి తాగి కొట్టి ఉంటాడు, పరీక్ష తప్పి ఉంటాడు, ఇంట్లో సవతి తల్లి, లేదంటే సినిమా పిచ్చి. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఇవే కారణాలతో ఇల్లు వదిలిన పిల్లల్లో ఎక్కువమంది వారానికో నెలకో మళ్లీ ఏదో ఒక గూటికి చేరిపోతారు. కొందరు మాత్రం ఇరవై దాటినా, పాతిక దాటినా బయటే ఉంటారు. వాళ్ల సంగతి అర్థం కావాలంటే ఎందుకొచ్చారన్నది చాలదు. తిరిగి వెళ్లే దారులు ఏ వరసలో మూసుకుపోయాయో చూడాలి. ఈ వ్యాసం ఆ రెండో సంగతి గురించి.

నిరాశ్రయులంటే ఎవరు, దీర్ఘకాలమంటే ఎంత

మన జనగణన నిర్వచనం సూటిగా ఉంటుంది. పైకప్పు ఉన్న కట్టడంలో కాకుండా ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద, సిమెంటు గొట్టాల్లో, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద ఉండేవాళ్లు నిరాశ్రయులు. వీళ్లను ఒకే రాత్రి లెక్కపెడతారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి లెక్కలో దేశమంతటా 17.73 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది తేలారు. ఈ నిర్వచనంలో కాలం ప్రస్తావనే లేదు. నిన్న వచ్చినవాడూ పదేళ్లుగా ఉన్నవాడూ ఒకే గడిలో పడతారు.

అమెరికా గృహనిర్మాణ శాఖ మాత్రం కాలానికి కొలత పెట్టింది. ఏడాదిపాటు ఏకధాటిగా, లేదా మూడేళ్లలో కనీసం నాలుగు విడతలుగా, అన్నీ కలిపి పన్నెండు నెలలు నిలువ నీడ లేకుండా ఉండాలి. దానికి తోడు ఏదైనా వైకల్యమో దీర్ఘకాలిక అనారోగ్యమో ఉండాలి. అప్పుడే అది దీర్ఘకాలిక నిరాశ్రయత. పెద్దలకు ఈ కొలత సరిపోవచ్చు, కుర్రాళ్లకు సరిపోదు. నలభై అయిదేళ్ల మనిషికి ఏడాది అంటే ఒక ఏడాదే. పదహారేళ్లవాడికి అదే ఏడాదిలో పదో తరగతి పరీక్ష పోతుంది, పని నేర్చుకునే వయసు జారిపోతుంది, గుర్తింపు కాగితాలు చేయించుకునే వేళ దాటిపోతుంది.

పైగా కుర్రాళ్లు ఒకచోట స్థిరంగా ఉండరు. ఈ వారం బాబాయి ఇల్లు, వచ్చే వారం స్నేహితుడి రూం, ఆ తర్వాత నాలుగు రాత్రులు బస్టాండు. ఈ తిరుగుడులో ఏ ఒక్క విడతా పొడవుగా కనబడదు. కలిపి చూస్తే రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి.

పది మంచాల లెక్క

ఒక వసతి గృహంలో పది మంచాలు ఉన్నాయనుకుందాం. తొమ్మిదింటి మీద ఏడాదంతా అవే తొమ్మిది ముఖాలు. పదో మంచం మీదికి వారానికొకరు వచ్చి పోతుంటారు. ఏదో ఒక రాత్రి వెళ్లి లెక్కపెడితే పదిమందిలో తొమ్మిదిమంది దీర్ఘకాలంగా ఉన్నవాళ్లే, అంటే 90 శాతం. ఏడాది రిజిస్టరు తిప్పితే మొత్తం పేర్లు 61: ఆ తొమ్మిదిమంది, వారానికొకరు చొప్పున 52 మంది. ఇప్పుడు దీర్ఘకాలంవాళ్లు 15 శాతం కూడా లేరు. రెండు లెక్కలూ సరైనవే. "వీళ్లంతా ఇక మారరు" అనేవాడు మొదటి లెక్క చూస్తున్నాడు. "ఇది తాత్కాలిక కష్టం, వాళ్లే సర్దుకుంటారు" అనేవాడు రెండోది చూస్తున్నాడు.

న్యూయార్క్, ఫిలడెల్ఫియా వసతి గృహాల రికార్డులతో కూన్, కల్హేన్ అనే పరిశోధకులు 1998లో చేసిన విశ్లేషణలో తేలింది దాదాపు ఇదే. వచ్చినవాళ్లలో 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్లిపోయారు. మరో 10 శాతం వస్తూ పోతూ ఉన్నారు. మిగిలిన 10 శాతం అక్కడే ఉండిపోయి మొత్తం మంచం-రోజుల్లో (ఒక మంచాన్ని ఒక రోజు వాడితే ఒక మంచం-రోజు) సగం వాడుకున్నారు. మనం వెతకాల్సింది ఆ చివరి పది శాతంలోకి ఎవరు జారిపోతారు, ఎందుకు అన్నది.

ముప్పు పెంచే అంశం, కారణం ఒకటి కావు

అమెరికాలో 2017లో వెలువడిన ఒక జాతీయ సర్వే ప్రకారం 18–25 ఏళ్లవాళ్లలో పదిమందిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో నిరాశ్రయులయ్యారు. హైస్కూలు పూర్తి చేయనివాళ్లకు ఆ ముప్పు మిగతావాళ్ల కంటే నాలుగున్నర రెట్లు. ఇది చదివి "చదువు మానేస్తే రోడ్డున పడతారు" అని తేల్చేస్తే తప్పులో కాలేసినట్టే. ఇంట్లో రోజూ గొడవలు జరిగే పిల్లవాడు బడీ మానేస్తాడు, ఇల్లూ వదులుతాడు. రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. బడి మానడం ఇక్కడ ఒక ఆనవాలు. ఎవరి మీద ముందుగా కన్నేసి ఉంచాలో అది చెబుతుంది. ఏది సరిచేస్తే చాలో చెప్పదు.

ఎంత చిన్నప్పుడు, ఎన్నిసార్లు

వేర్వేరు దేశాల పరిశోధనల్లో పదే పదే తేలే అంశాలు రెండు. ఒకటి మొదటిసారి ఇల్లు దాటిన వయసు. కెనడాలో 2016లో 1,103 మంది నిరాశ్రయ యువతను అడిగితే 40 శాతం మంది పదహారేళ్లు నిండకముందే మొదటిసారి బయటికి వచ్చామన్నారు. అలా త్వరగా వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ బయటపడటం ఎక్కువ. అదే సర్వేలో దాదాపు 58 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు బాలల సంరక్షణ వ్యవస్థ గడప తొక్కినవాళ్లు.

రెండోది చోట్లు మారడం. అమెరికాలోని ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలను 26 ఏళ్లు వచ్చేదాకా వెంబడించి చూశారు. వాళ్లలో 31 నుంచి 46 శాతం మంది అప్పటికి ఒక్కసారైనా నిరాశ్రయులయ్యారని అంచనా. సంరక్షణలో ఉండగా పారిపోయినవాళ్లకు, ఎక్కువ ఇళ్లు మారినవాళ్లకు, దెబ్బలు తిని పెరిగినవాళ్లకు, మానసిక సమస్యల లక్షణాలున్నవాళ్లకు ముప్పు ఎక్కువగా కనిపించింది.

చోటు మారడం ఎందుకంత చేటు? మారిన ప్రతిసారీ బడి మారుతుంది, ఫైలు వెనకబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లవాడి పేరు తెలిసిన పెద్దమనిషి పోతాడు. పద్దెనిమిదేళ్లకు ఒక రాత్రి బస కావాల్సి వచ్చినప్పుడు ఫోన్ చేయడానికి ఎన్ని నంబర్లున్నాయన్నది అక్కడే తేలిపోతుంది. కుటుంబంలో పెరిగిన కుర్రాడికి మేనమామో పిన్నో పక్కింటి అంకులో ఉంటారు. ఆరుచోట్ల పెరిగినవాడికి ఆరుగురు వార్డెన్లు ఉంటారు, వాళ్లలో నలుగురు బదిలీ అయిపోయి ఉంటారు.

పద్దెనిమిది నిండే రోజు

2015 నాటి బాలల న్యాయ చట్టం కింద పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లే పిల్లలు. బాల సదనంలోనో స్వచ్ఛంద సంస్థ నడిపే గృహంలోనో ఉన్న పిల్లవాడు ఆ రోజుతో లెక్కలోంచి తప్పుకుంటాడు. చట్టం ఈ గండాన్ని ఊహించకపోలేదు. 46వ సెక్షన్ కింద ఆర్థిక సాయం "అందించవచ్చు" అంది. సాధారణంగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు ఆఫ్టర్ కేర్, అంటే గృహం వదిలాక అందే ఆసరా, ఇవ్వాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే కేస్ వర్కరో సంక్షేమ అధికారో ఒక ప్రణాళిక రాసి బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాలి. కేంద్రం బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఆఫ్టర్ కేర్ సాయం నెలకు ₹4,000. కాగితం మీద మెట్లన్నీ ఉన్నాయి. అయితే "ఇవ్వాలి" అనే మాటకూ "ఇవ్వవచ్చు" అనే మాటకూ మధ్య ఎంతోమంది జారిపోయేంత సందుంది.

ఆ ₹4,000 ఎంతవరకు వస్తుందో చూద్దాం. అంకెలు ఊహించినవే గానీ హైదరాబాద్ ధరలు తెలిసినవాళ్లకు కొత్తగా ఉండవు. ఒక కుర్రాడికి 12వ తేదీన నెల జీతం ₹14,000 మీద షాపులో పని దొరికింది. జీతాలు వచ్చే నెల 7న. చేతికొచ్చేది 19 రోజుల జీతం, ₹8,866. అప్పటిదాకా హాస్టల్లో షేరింగ్ మంచం, భోజనంతో ₹6,500, అడ్వాన్సు ₹2,000, బస్సులకూ ఫోన్‌కూ ₹1,500. మొత్తం ₹10,000 ముందే కావాలి. ఆఫ్టర్ కేర్ సొమ్ము సమయానికి వచ్చినా ఇంకా ₹6,000 తక్కువ. ఇంట్లో ఉన్న కుర్రాడికి ఈ ₹6,000 అమ్మ పోపుల డబ్బాలోంచి వస్తుంది, దాన్ని ఎవరూ పథకం అనరు. లేనివాడు నెల జీతం పని వదిలేసి, సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టే అడ్డా కూలీ పని వెతుక్కుంటాడు. అది తెలివితక్కువతనం కాదు. ఆ రాత్రి భోజనానికి అదొక్కటే దారి.

కాగితాలది ఇంకో చిక్కు. ఆధార్‌లో చిరునామా గృహానిదీ, మొబైల్ నంబరు వార్డెన్‌దీ అయితే బ్యాంకు ఖాతాకైనా సిమ్ కార్డుకైనా ఓటీపీ వార్డెన్ ఫోన్‌కే పోతుంది. వార్డెన్ మారితే కథ అక్కడికే సరి. పదిహేనేళ్లకు వేలిముద్రలు, కంటిపాప వివరాలు తప్పనిసరిగా మళ్లీ ఇవ్వాలి. ఆ వయసులో పిల్లవాడు రోడ్డు మీద ఉంటే అది జరగదు. మన రెండు రాష్ట్రాల్లో మరో మాట చెప్పుకోవాలి. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలోనో అనాథాశ్రమంలోనో చేరిన అనాథ పిల్లలను ఉమ్మడి రాష్ట్ర కాలం నుంచీ బీసీ-ఏ జాబితాలో ఉంచారు. చదువుకూ ఉద్యోగానికీ అది పెద్ద ఆసరా. కానీ అదే వయసులో తల్లిదండ్రులు పోయి ఏ గృహంలోనూ చేరకుండా ప్లాట్‌ఫాం మీద పెరిగినవాడు ఆ నిర్వచనంలోకి రాడు. ఎక్కువ అవసరం ఉన్నవాడికే ఆధారం తక్కువ.

వయసు తేల్చడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చట్టం చెప్పే వరస ఇది: ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్ష ఫలితం రెండేళ్లు అటూఇటూ కావచ్చని కోర్టులే చాలా తీర్పుల్లో ఒప్పుకున్నాయి. పదహారున్నర ఏళ్లవాడికి పద్దెనిమిదని రాస్తే బాలల వ్యవస్థ తలుపు ఏడాదిన్నర ముందే మూసుకుపోయినట్టు. మీసం వచ్చిన కుర్రాడు కంటికి పెద్దవాడిలాగే ఉంటాడు. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

పని ఉంది, కానీ పంచాంగంతో నడుస్తుంది

బయట ఉండే కుర్రాళ్లు పని చేయరన్నది అపోహ. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ వడ్డన, గిన్నెలు కడగడం, టెంట్ సామాన్లు మోయడం, చెత్త ఏరడం ఇలాంటివాళ్లు చేసే పనులే. క్యాటరింగ్ పనికి ఆధార్ అడగరు, చిరునామా అడగరు, తిండి పెడతారు, డబ్బు అదే రాత్రి ఇస్తారు. చిక్కల్లా ముహూర్తాలతోనే. రాత్రికి ₹700 అనుకుంటే మాఘంలో పన్నెండు రాత్రులకు ₹8,400. ఆషాఢమో మూఢమో వస్తే రెండు రాత్రులు, ₹1,400. హాస్టల్ మాత్రం పన్నెండు నెలలూ ఒకటే ధర. మాఘంలో మంచం తీసుకున్నా ఆషాఢంలో అడ్వాన్సు వదులుకుని బయటికి రావాలి. అందుకే చేతిలో డబ్బున్న నెలలో కూడా వాళ్లు గది తీసుకోరు. చూసేవాళ్లకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది.

ఐదు రూపాయల భోజనం దొరికే క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఒకప్పటి అన్నపూర్ణ, ఇప్పటి ఇందిరమ్మ, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు, తిండి సమస్యను చాలావరకు తగ్గించాయి. నిద్ర సమస్యకు అలాంటి విరుగుడు లేదు. పట్టణ నిరాశ్రయుల వసతి పథకం లెక్క ప్రకారం లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, అదీ రోజంతా తెరిచి ఉండాలి. ఎక్కడైనా ఉదయం ఏడింటికి ఊడ్చి కడగడానికి అందర్నీ బయటికి పంపేస్తే, తెల్లవారుజామున మూడింటికి పని ముగించి వచ్చినవాడికి ఆ మంచం ఉన్నా లేనట్టే.

వైట్నర్ ముందా, రోడ్డు ముందా

వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల్ని చూసి "మత్తు వల్లే ఇలా అయ్యారు" అంటారు. వాటిలోని టోలుయీన్ వంటి ద్రావకాలు ఆకలినీ చలినీ భయాన్నీ కాసేపు మరిపిస్తాయి. అంటే చాలామంది విషయంలో రోడ్డు ముందు, మత్తు తర్వాత. అయితే కొన్నేళ్లు గడిచాక వరస తిరగబడుతుంది. జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతిని, పని నేర్చుకునే శక్తి తగ్గి, మత్తే అతన్ని అక్కడ కట్టిపడేస్తుంది. లోపలికి తెచ్చిన కారణం ఒకటి, బయటికి పోనివ్వని కారణం ఇంకొకటి అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

పోలీసు కేసులూ ఇదే పని చేస్తాయి. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఇక్కడ ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో బిచ్చమెత్తడాన్ని నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. బస దొరికింది కదా అనేవాళ్లున్నారు, ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ తరలింపులో సంచి పోతే ఆధార్, సర్టిఫికెట్లు, రాసిపెట్టుకున్న ఫోన్ నంబర్లు పోతాయి. ఆర్నెల్ల ప్రయత్నం మళ్లీ మొదటికొస్తుంది.

ఇంటికి పంపాలా, గృహంలో ఉంచాలా

సంస్థల్లో పెట్టడం చివరి మార్గం కావాలన్నది బాలల న్యాయ చట్టం సూత్రాల్లో ఒకటి. దాని ఆధారంగా 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసి, గృహాల్లోని పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చేలా చూడమంది. పిల్లవాడికి కావాల్సింది ఇల్లు, గృహం కాదన్నది ఆ వైపు వాదన. గృహాల్లో పెరిగినవాళ్లకు ఫోన్ చేయడానికి మనుషులుండరని పైన చెప్పుకున్నదే దానికి బలం. రెండో వైపువాళ్లు అడిగేది: ఏ ఇంటి నుంచి పారిపోయాడో అదే ఇంటికి పంపితే ఏం మారింది? ఇంటి పరిస్థితి విచారించకుండా రైలెక్కించిన పిల్లవాడు మళ్లీ స్టేషన్‌లో దిగితే, అది ఇంకో చోటు మార్పు అవుతుంది. అలా పంపిన పిల్లల చదువుకు నెలకు ₹2,000 ఇవ్వాలని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నా ఉద్దేశంలో తేడా పంపడంలో లేదు, పంపిన తర్వాత ఎవరైనా మళ్లీ ఆ ఇంటి తలుపు తడతారా అన్నదాంట్లో ఉంది.

ఇంకో చర్చ వయసు పరిమితి గురించి. ఇల్లినాయ్‌లో ప్రభుత్వ సంరక్షణలో 21 ఏళ్ల దాకా ఉండనిస్తే నిరాశ్రయత తగ్గలేదు, వాయిదా మాత్రమే పడిందని మొదట్లో అనిపించింది. తర్వాత కాలిఫోర్నియా అధ్యయనంలో సంరక్షణలో ఉన్న ప్రతి అదనపు ఏడాదితో ముప్పు తగ్గినట్టు కనిపించింది. అదనపు ఏళ్లలో కుర్రాడికి ఏం చేకూరిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందనుకోవడం సబబు.

ముందు మత్తు మానాలి, పని చూసుకోవాలి, ఆ తర్వాతే గది అనేది పాత పద్ధతి. న్యూయార్క్‌లో 1992లో మొదలైన "ముందు ఇల్లు" పద్ధతి దీన్ని తిరగేసి, షరతుల్లేకుండా గది ఇచ్చి తర్వాత వైద్యం సంగతి చూస్తుంది. కెనడాలో దీన్ని పరీక్షించినప్పుడు మానసిక అనారోగ్యమున్న 18–24 ఏళ్లవాళ్లు 65 శాతం రోజులు స్థిరమైన బసలో ఉన్నారు. మామూలు సేవలు పొందినవాళ్ల విషయంలో అది 31 శాతమే. అయితే గది ఒక్కటే మిగతా జీవితాన్ని అంతగా మార్చేయలేదు.

లెక్కకు రానివాళ్లు

పైన చెప్పినదంతా ఎక్కువగా మగపిల్లల కథ. అందుకు కారణం వాళ్లు కంటికి కనబడటం. ఆడపిల్ల రాత్రి ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా నిలబడటమే కష్టం. ఆమె ఎవరింట్లోనో పనిమనిషిగానో, ఇష్టం లేని పెళ్లిలోనో, అంతకంటే ప్రమాదకరమైన చోటో ఉంటుంది. కప్పు ఉంటుంది, వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండదు. ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లల్లో చాలామందికి హిజ్రా గురువు ఇల్లే ఆశ్రయం. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం పుట్టినింట్లో ఉండే హక్కు ఇచ్చినా, దానికోసం తండ్రి మీద కేసు వేయగల పదిహేడేళ్లవాళ్లు ఎందరుంటారు?

రాబోయే జనగణనకు మన ప్రాంతంలో ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఫ్లైఓవర్ కింద పడుకున్న కుర్రాడు నిరాశ్రయుల లెక్కలోకి వస్తాడు, ఎన్నేళ్లుగా అక్కడున్నాడన్నది ఆ నిర్వచనానికి పట్టదు. లెక్కపెట్టే రాత్రి పెళ్లి ఉండి, వడ్డన అయ్యాక ఫంక్షన్ హాల్ వంటపాకలో గోనెపట్టా పరచుకుని పడుకుంటే మాత్రం తల మీద కప్పున్నట్టే.